కథానాయకుడి కన్నీరు – మన తీర్పు



సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు భివండి కొత్త పేరు కాదు. ఏ ఊళ్ళో అడిగినా, మా పెద్దనాయన భివండిలో ఉన్నాడనో, మా బావ అక్కడ ఇరవై ఏళ్ళు సాంచెలు నడిపి వచ్చాడనో ఎవరో ఒకరు చెబుతారు. అయితే ఇవ్వాళ నేను చెప్పబోయేది ఆ ఊరి సాంచెల లెక్క కాదు, కూలిరేట్ల సంగతీ కాదు. ఆ సాంచెల మధ్య పన్నెండు గంటలు నిలబడి, సెలవునాడు సినిమాకు వెళ్ళి, తిరిగి వచ్చాక తెరమీది మనుషుల మీద తీర్పు చెప్పే మన మనిషి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆ తీర్పుల్లో తరచూ వినిపించేది ఒకటుంది. "హీరో అన్నోడు ఏడుస్తడా?" అంటారు. కథానాయకుడు కోపంతో ఊగిపోతే ఈలలు వేస్తారు. పాట పాడితే చిల్లర విసురుతారు. అదే మనిషి వెక్కి వెక్కి ఏడిస్తే మాత్రం హాల్లో సగం మంది కళ్ళు తుడుచుకుంటారు, మిగతా సగం నవ్వుతారు. కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా బయటికి వచ్చాక "ఉత్త ఏడుపుగొట్టు సినిమా" అని నవ్వినవాళ్ళతో కలిసిపోతారు.

ఇందులో పెద్ద విశేషం ఏముందని అనుకోవచ్చు. కానీ ఆ తీర్పు సినిమా హాల్లోనే ఆగిపోదు. ఖోలీ దాకా వెంట వస్తుంది. ఒకడు ఇంటినుంచి వచ్చిన ఉత్తరం చదువుకుని మూల కూర్చుంటాడు. పక్కవాడు "ఏందన్నా, దేవదాసువైతివి?" అంటాడు. అందరూ నవ్వుతారు. మూల కూర్చున్నవాడు కూడా నవ్వేసి, ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టేస్తాడు. ఆ ఉత్తరంలో ఏముందో ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. కథలోని మనిషి పేరు బతికున్న మనిషి నోరు మూయించింది. అందుకనే, మనసు విప్పి ఏడ్చే పాత్రల మీద మన జనం చెప్పిన తీర్పులకు కూడా ఒక చరిత్ర ఉందని, దాన్ని ఒకసారి తిరగేసి చూడటం అవసరమని నాకనిపించింది.

ముందుగా ఊరి సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. భివండి థానే జిల్లాలో, కామ్వారి నది ఒడ్డున ఉన్న పట్టణం. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరదేశం నుంచి వలస వచ్చిన ముస్లిం నేతగాళ్ళు అక్కడా, మాలేగావ్‌లోనూ స్థిరపడ్డారు. 1930ల నుంచి చేతిమగ్గాల స్థానంలో కరెంటు మగ్గాలు రావడం మొదలైంది. మన కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పద్మశాలీలు అప్పటికే షోలాపూర్‌కు, బొంబాయికి బతకపోతున్నారు. బొంబాయిలో కామాఠీపురా అనే పేరు వచ్చిందే హైదరాబాదు సంస్థానం నుంచి వెళ్ళిన తెలుగు కూలీల వల్ల. ఆ దారిలోనే భివండికీ చేరారు. అక్కడి పద్మనగర్ అనే పేరు వింటేనే అది ఎవరి పేటో తెలిసిపోతుంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి బట్టల మిల్లుల్లో సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికి వచ్చారు. చాలా మిల్లులు మళ్ళీ తెరుచుకోలేదు. మిల్లుల్లో ఆగిన నేత భివండి వంటి ఊళ్ళ సాంచెల మీదికి మళ్ళింది. మన పల్లెల నుంచి మరింతమంది బయలుదేరారు.

వెళ్ళినవాళ్ళలో చాలామంది ఒంటరిగా వెళ్ళిన మగవాళ్ళు. భార్యాపిల్లలు ఊళ్ళోనే. బిస్సీ అని పిలిచే మెస్సులో రెండు పూటలా తిండి. ఒకే ఖోలీలో పగటి పాళీవాడు లేచిన చోట రాత్రి పాళీవాడు పడుకుంటాడు. ఇక సాంచెల చప్పుడు సంగతి అక్కడ పనిచేసినవారికే తెలుసు. పక్కవాడికి ఒక మాట చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేదా చేత్తో సైగ చేయాలి. పోగు తెగిందని సైగ చేయవచ్చు. కండె అయిపోయిందని సైగ చేయవచ్చు. బిడ్డ పెళ్ళికి అప్పు పుట్టలేదని సైగ చేయడం ఎట్లా? అటువంటి చోట మనిషి తన మాట తాను చెప్పుకోలేక, తెరమీది మనిషి మీద పెట్టి చెబుతాడు. "వాడు అట్ల ఏడ్వకుండ ఉండాల్సింది" అన్నప్పుడు అతను సినిమా గురించే మాట్లాడుతున్నాడని మనం అనుకుంటాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మన జనం ఏడ్చే మగవాణ్ణి ఎప్పుడూ ఇలాగే చూశారా? లేదు.

పద్మశాలీల ఇళ్ళ ముందు తరతరాలుగా కథ చెప్పినవారు కూనపులివారు. చేర్యాల నకాషీ చిత్రకారులు రాసిన పొడుగాటి బట్ట పటం ఒకటి కట్టి, బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెబుతారు. ఆ కథ మన శ్రోతలకు తెలిసిందే. పిల్లలు లేని మృకండ మహామునికి వరం దొరుకుతుంది. కానీ పుట్టే కొడుకు గుణవంతుడైతే ఆయుష్షు పదహారేళ్ళే. ఆ పదహారో ఏడు వస్తుంది. తండ్రి ఏడుస్తాడు, తల్లి మరుద్వతి ఏడుస్తుంది. యముడు పాశం పట్టుకుని వచ్చినప్పుడు కుర్రవాడు శివలింగాన్ని రెండు చేతులతో కావలించుకుంటాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. మొత్తం ఒక కులం తన మూలపురుషుడిగా చెప్పుకునే మనిషి కత్తి దూసినవాడు కాదు, రాజ్యం గెలిచినవాడు కాదు. చావుకు భయపడి, ఆ భయాన్ని దాచుకోకుండా, దిక్కు నీవేనని గట్టిగా పట్టుకున్న పిల్లవాడు. పటం ముందు కూర్చున్న ముసలివాళ్ళు ఆ పిల్లవాణ్ణి పిరికివాడని అనలేదు. మృకండుణ్ణి మునియై ఉండీ ఏడ్చాడని ఎగతాళి చేయలేదు. వాళ్ళూ ఏడ్చారు. ఎవరి ముందు ఏడ్చారు? అన్నదమ్ముల ముందు, వియ్యంకుల ముందు, ఊరి ముందు. ఏడవడానికి ఆ రాత్రి అందరికీ సెలవు ఉండేది. కథ చెప్పేవాడే ఆ సెలవు ఇచ్చేవాడు.

ఇది జానపదుల పద్ధతి మాత్రమే అనుకోనక్కరలేదు. మన సరిహద్దుకు ఆవల ఉన్న విదర్భ దేశం నుంచే వచ్చిన మహాకవి భవభూతి, ఎనిమిదో శతాబ్దం వాడు, ఉత్తర రామచరితం అనే నాటకం రాశాడు. సీతను అడవికి పంపిన తర్వాత రాముడు మళ్ళీ పంచవటికి వస్తాడు. తిరిగిన చోట్లు చూసి బిగ్గరగా ఏడుస్తాడు, మూర్ఛపోతాడు. ధీరోదాత్తుడైన నాయకుడు అలా ఏడవవచ్చా? కవి దానికి సమాధానం కూడా నాటకంలోనే పెట్టాడు. దుఃఖాన్ని నిండిపోయిన చెరువుతో పోల్చాడు. చెరువు నిండినప్పుడు నీటికి దారి ఇవ్వాలి. మన భాషలో చెప్పాలంటే మత్తడి దూకాలి. మత్తడి లేకపోతే కట్ట తెగుతుంది. రైతుబిడ్డకు ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఆ నాటకంలో ఇంకొక విశేషం ఉంది. రాముడు ఏడుస్తున్నప్పుడు సీత అక్కడే ఉంటుంది, అతనికి కనబడకుండా. ఆమె వింటుంది. ఇన్నేళ్ళ కోపం కరుగుతుంది. అంటే రాముడి కన్నీటికి తీర్పు చెప్పింది సీతే. కానీ వదిలేసే రోజున అతను నోరు విప్పి ఆమెకు ఒక్క మాట చెప్పలేదన్న బాధ మాత్రం పాఠకుడికి మిగిలే ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తర్వాత పద్యనాటకాల కాలం వచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు తెలుగు ఊళ్ళన్నీ తిరిగాయి. 1912లో బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయం రాశారు. కాటిసీను చూడటానికి జనం తెల్లవార్లూ మేలుకుని ఉండేవారు. గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలను నటులు ఆ సీనులో చేర్చుకున్నారు. కొడుకు శవం మోసుకొచ్చిన భార్యనే కాటిసుంకం అడగవలసి వచ్చిన మనిషి హరిశ్చంద్రుడు. అతని దుఃఖం రాగంలో పైకి లేచేది. జనం "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు. ఏడుస్తున్న మగవాణ్ణి మళ్ళీ ఒకసారి ఏడవమని అడిగిన ప్రేక్షకులు వాళ్ళు. అందులో ఎగతాళి లేదు. తమ బాధను కూడా ఆ పద్యం మోసుకుపోతున్నదని వాళ్ళకు తెలుసు.

ఇక సినిమా. 1953లో వినోదా వారి దేవదాసు వచ్చింది. శరత్‌చంద్ర చటర్జీ బెంగాలీలో రాసి, 1917లో అచ్చయిన నవలకు అది తెలుగు రూపం. వేదాంతం రాఘవయ్య దర్శకుడు. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి, లలిత చంద్రముఖి. సంగీతం సి.ఆర్. సుబ్బరామన్ మొదలుపెట్టి, అది పూర్తి కాకుండానే 1952లో కన్నుమూశారు. పాటలు పాడింది ఘంటసాల. జానపద చిత్రాల్లో కత్తి తిప్పిన నాగేశ్వరరావు ఈ బరువు మోయగలడా అని సినిమా రాకముందు చాలామంది అనుమానించారు. వచ్చిన తర్వాత తెలుగుదేశంలో గడ్డం, శాలువ, కుక్క అనగానే గుర్తుకొచ్చే మనిషి ఒక్కడే అయ్యాడు.

జనం దేవదాసును ప్రేమించారు. అందులో సందేహం లేదు. కానీ ప్రేమిస్తూనే అతని పేరును తిట్టుగా మార్చుకున్నారు. నిఘంటువు అక్కరలేకుండా అందరికీ అర్థమయ్యే మాట అయింది. ప్రేమలో దెబ్బతిన్నవాడు, తాగుబోతు, పనికిరానివాడు, అందరి ముందూ దిగులు కనబరిచేవాడు, అందరూ దేవదాసులే. నటుడికి కూడా ఆ ముద్ర భయం పట్టుకుంది. ఆ బరువు పాత్రలోనే తనను కట్టేస్తారేమోనని, 1955లో మిస్సమ్మలో నాగేశ్వరరావు కోరి నవ్వించే డిటెక్టివ్ వేషం వేశారు. అదే ఏడు హిందీలో దేవదాసుగా వచ్చిన దిలీప్‌కుమార్‌ది కూడా ఇటువంటి కథే. వరుసగా దుఃఖపాత్రలు వేసి మనసు బరువెక్కి, వైద్యుల సలహాతో తేలిక పాత్రల వైపు మళ్ళానని ఆయన చెప్పుకున్నారు.

అయితే దేవదాసు మీద మనం చెప్పిన తీర్పు సరైనదేనా? కథను మళ్ళీ ఒకసారి చూడండి. పార్వతి రాత్రివేళ పరువు సంగతి కూడా పక్కనపెట్టి అతని గదికి వస్తుంది. తన మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఆ వేళ మాట్లాడవలసినవాడు దేవదాసు. తండ్రి ముందు గట్టిగా నిలబడి ఒక మాట, పార్వతికి ధైర్యం చెప్పే ఒక మాట చాలు. అవి రెండూ అతని నోట రాలేదు. పట్నం వెళ్ళి, వద్దని ఉత్తరం రాస్తాడు. తర్వాత మనసు మార్చుకుని వచ్చేసరికి చేయి దాటిపోతుంది. ఆపైన జరిగిందంతా మనకు తెలిసిందే.

అంటే దేవదాసు చెడింది మనసు బయటపెట్టుకున్నందుకు కాదు. బయటపెట్టవలసిన రోజున మూసుకుని కూర్చున్నందుకు. ఏడుపు తర్వాత వచ్చింది, అప్పటికి వినవలసినవాళ్ళు దూరమయ్యారు. అతను మత్తడి లేని చెరువు. మనం మాత్రం కట్ట తెగిన తర్వాత పారిన నీళ్ళను చూసి, నీళ్ళదే తప్పు అన్నాం. శరత్‌బాబు నవల చివర ఈ అభాగ్యుడి మీద జాలిపడమని పాఠకుణ్ణి అడుగుతాడు. రచయిత తన పాత్ర కోసం అలా చేయిచాచి అడగవలసి వచ్చిందంటే, జనం ఏ తీర్పు చెబుతారో ఆయనకు ముందే తెలిసి ఉంటుంది.

1963లో లవకుశ వచ్చినప్పుడు ఇదే సంగతి ఇంకోలా కనబడింది. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి పెద్ద చిత్రం అది. పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చి చూశారు. అంజలీదేవిని సీతమ్మగానే భావించి దండం పెట్టినవారున్నారు. రామారావు రాముడిగా లోపల కుమిలిపోతుంటే జనం ఆయనతో కలిసి కుమిలిపోయారు, ఇంటికి వెళ్ళే దారిలో మాత్రం "ఆమెకు ఒక్క మాట చెప్పి పంపకపోయెనా" అని రాముణ్ణే అడిగారు. మామూలు ఆడవాళ్ళు అడిగిన ఆ ప్రశ్న భవభూతి నాటకం చదివినవారికి మిగిలే ప్రశ్నే.

ఆడపాత్రల సంగతికి వస్తే మన తీర్పు ఇంకా వింతగా ఉంటుంది. మగవాడు ఏడిస్తే పిరికివాడు, ఆడది కోపం చూపితే గయ్యాళి. సూర్యకాంతం గారు తెరమీద మనసులో ఉన్నది దాచుకోని మనిషి. కోపం వస్తే కోపం, అసూయ వస్తే అసూయ, కూతురి మీద ప్రేమ పొంగితే ప్రేమ. 1962లో వచ్చిన గుండమ్మ కథలో ఇవన్నీ ఒకే పాత్రలో కనబడతాయి. దాని ఫలితం ఏమిటో మీకు తెలుసు. అంతకుముందు చక్కగా పెట్టుకునే సూర్యకాంతం అనే పేరు పిల్లలకు పెట్టడం మన జనం మానేశారు. నిజజీవితంలో ఆమె ఇంటినుంచి వంటలు తెచ్చి షూటింగులో అందరికీ పెట్టే మనిషి. పాత్ర మీద చెప్పిన తీర్పు ఒక పేరు మీదికి పాకింది.

దానికి ఎదురుగా సావిత్రిగారి చివరకు మిగిలేది ఉంది. 1960 నాటి చిత్రం. మతి చెడిన రోగులకు ప్రేమ నటించి నయం చేసే నర్సు, నిజంగానే ప్రేమలో పడుతుంది. ఆ మాట ఎవరికీ చెప్పదు. తన పని తాను చేస్తూ నవ్వుతూ తిరుగుతుంది. చివరికి ఆమెకే మతి చలిస్తుంది. అందరూ ఆమెను పొగడ్తలతో ముంచెత్తారు. పొగడవలసిందే, ఆ నటన అంత గొప్పది. కానీ దాచుకున్న మనిషికి ఏమైందో కథే చెబుతున్నా, దాచుకోవడమే గొప్ప అనుకుంటూ ఇంటికి వెళ్ళాం.

తర్వాత గాలి మారింది. హిందీలో 1973 నాటి జంజీర్‌తో అమితాబ్ కోపిష్టి యువకుడయ్యాడు. తెలుగులో 1977 నాటి అడవిరాముడు తర్వాత కథానాయకుడికి దెబ్బకు దెబ్బ కొట్టడమే పని అయింది. భివండిలో ఉన్నవాళ్ళు రెండు భాషలూ చూశారు. కోపం కూడా మనసులోని భావమే, దాన్ని హీరో ఎంత చూపిస్తే అంత హర్షించారు. ఏడుపు మాత్రం తల్లికీ చెల్లెలికీ వదిలేశారు. కృష్ణ హీరోగా విజయనిర్మల 1974లో మళ్ళీ దేవదాసు తీశారు గాని, జనం పాత దేవదాసునే గుర్తుపెట్టుకున్నారు.

1981లో దాసరి నారాయణరావు ప్రేమాభిషేకం తీశారు. మళ్ళీ నాగేశ్వరరావే. ఇక్కడ కథానాయకుడికి క్యాన్సర్ అని తెలుస్తుంది. ప్రేమించిన అమ్మాయి తనను మరిచిపోవాలని, లేని చెడ్డతనం నటించి ఆమె అసహ్యించుకునేలా చేస్తాడు. జనం బ్రహ్మరథం పట్టారు. దేవదాసు వేసిన మనిషే 28 ఏళ్ళ తర్వాత దేవదాసుకు వ్యతిరేకమైన పాత్ర వేశాడు. బాధ చూపినవాడు వెక్కిరింతకు గురైతే, బాధ దాచినవాడు దేవుడయ్యాడు. ఆ మరుసటి ఏడే బొంబాయి సమ్మె. మిల్లు పని పోయి, ఊరికి ఆ మాట రాయలేక, అంతా బాగానే ఉందని ఉత్తరం రాసి, దొరికిన కూలికి సాంచెల మీదికి వెళ్ళిన మగవాళ్ళ కాలం అది. ఆ రోజుల్లో చాలామందికి ప్రేమాభిషేకం నాయకుడే ఆదర్శంగా కనిపించాడంటే ఆశ్చర్యం ఏముంది? వాళ్ళు రోజూ చేస్తున్నది అదే కదా.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. 1990ల చివరి నుంచి సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలు మనం వింటూ వచ్చాం. అప్పులు, ఆర్డర్లు పడిపోవడం, పని లేకపోవడం వాటికి కారణాలు. వాటిని సినిమాల మీద నెట్టడం అన్యాయం. బాధ చెప్పుకున్నంత మాత్రాన అప్పు తీరదు. కానీ అప్పు ఉన్న మనిషి ఒంటరిగా ఉండటం వేరు, నలుగురికి చెప్పుకుని ఉండటం వేరు. ప్రతి చావు తర్వాత పక్కింటివాళ్ళు అనే మాట ఒకటుంది. "మాకు ఒక్కనాడన్న చెప్పలే" అంటారు. చెప్పడానికి నోరు తెరిచిన రోజున మనం ఏమని పిలిచామో కూడా గుర్తుచేసుకోవాలి.

ఈమధ్య కాలంలో తెలంగాణ నేలమీద పుట్టిన ఇద్దరు దర్శకుల సినిమాలు ఈ చర్చను మళ్ళీ లేపాయి. వరంగల్‌కు చెందిన సందీప్‌రెడ్డి వంగా 2017లో అర్జున్ రెడ్డి తీశారు. అతను కొత్తకాలపు దేవదాసు. తాగుతాడు, ఏడుస్తాడు, అరుస్తాడు. కుర్రకారు కొందరు మనసులో ఉన్నది దాచుకోని మగవాడని మెచ్చుకున్నారు. మరికొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, వాడి కోపం పక్కవాళ్ళ మీద పడుతోంది కదా అని నిలదీశారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. మనసు విప్పడం వేరు, మనసులోని విషాన్ని ఇంకొకరి మీద పోయడం వేరు. ఆ చిత్రంలో నాయనమ్మ పాత్ర, దుఃఖం ఎవరిది వారిదేనని, వాణ్ణి వదిలేయమని అంటుంది. పట్నపు మేడలో ఆ మాట చెల్లుతుందేమో.

2023 మార్చిలో సిరిసిల్లలో పెరిగిన వేణు యెల్దండి బలగం తీశారు. అక్కడ చుట్టుపక్కల పల్లెల్లోనే తీశారు. కథ మన ఇళ్ళలోదే. ముసలాయన పోతాడు. కర్మనాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఒక విందులో నల్లి బొక్క దగ్గర జరిగిన అవమానం వల్ల బావా బావమరుదులు ఏళ్ళ తరబడి మాటలు మానుకుని ఉంటారు. ఇల్లిల్లూ ముక్కలై ఉంటుంది. చివరికి బుడగజంగాల కళాకారులు వచ్చి చనిపోయినాయన కథ పాడుతుంటే, ఆ మాటలు మానుకున్న మగవాళ్ళే అందరి ముందూ గొల్లున ఏడుస్తారు. ఆ పాట పాడినవారు నిజంగానే ఆ వృత్తివారు, మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించారు.

ఆ ఏడు ఊరూరా వీధుల్లో తెరలు కట్టి బలగం వేశారు. పంచాయతీ ముందు, బడి మైదానంలో, వందలమంది కింద కూర్చుని చూశారు. తెరమీది మగవాళ్ళు ఏడుస్తుంటే కింద కూర్చున్న మగవాళ్ళూ ఏడ్చారు. చూసిన తర్వాత విడిపోయిన అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఎవరూ "హీరో ఏడుస్తడా?" అనలేదు.

ఎందుకు అనలేదు? నా మట్టుకు నాకు తోచింది ఇది. అది సినిమాహాలు కాదు, ఊరి నడిబొడ్డు. తెరమీద కథ నడిపింది బుడగజంగాలాయన. ఒకప్పుడు పటం కట్టి కూనపులివారు చేసిన పనే అది. అందరూ కలిసి కూర్చుని, అందరికీ తెలిసిన దుఃఖాన్ని, అందరి ముందూ బయటపెట్టారు. నూరేళ్ళుగా మనం మరిచిపోయామనుకున్న పాత తీర్పు అక్కడ మళ్ళీ వినబడింది. మన జనం కన్నీటిని ఎన్నడూ కాదనలేదు. చీకటి హాల్లో ఒక్కడి ఏడుపును వెక్కిరించారే గాని, వెలుతురులో పదిమంది ఏడుపుతో గొంతు కలిపారు.

శ్రోతలారా, ఈ ప్రసంగం వింటున్న ఇళ్ళలో భివండిలోనో, షోలాపూర్‌లోనో, సూరత్‌లోనో మనిషి ఉన్న ఇళ్ళు తప్పకుండా ఉంటాయి. ఇప్పుడు ఉత్తరాల కాలం కాదు, చేతిలో ఫోను ఉంది. ఫోనులో "బాగున్ననే" అంటాడు. బాగున్నాడేమో. లేకపోతే అది ప్రేమాభిషేకం నాయకుడి నటనేమో. ఒకసారి ఆగి, ఇంకొక మాట అడగండి. అతను గొంతు మార్చి ఏదైనా చెప్పబోతే దేవదాసని నవ్వకండి. దేవదాసు కథలో లోటల్లా, ఆ రోజు అతను నోరు తెరవలేదన్నదే. మీవాడు తెరుస్తున్నాడు.